పాప మొదటి పుట్టినరోజు దాకా ఇంటి నుంచే పని: ఎలా అడగాలి?

ప్రశ్న: మేడమ్, నాకు 31 ఏళ్లు. హైదరాబాద్‌లో ఒక ఐటీ కంపెనీలో టెస్టింగ్ టీమ్‌లో ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. ఉండేది కొత్తపేటలో, ఆఫీసేమో ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో. కాన్పుకు ముందు మా టీమ్ దాదాపు అంతా ఇంటి నుంచే పనిచేసేది. నేను సెలవులో ఉండగా కంపెనీ రూల్ మార్చి, అందరూ వారానికి మూడు రోజులు ఆఫీసుకు రావాలంది. పాపకు ఇప్పుడు ఐదు నెలలు. ఇంకో మూడు వారాల్లో డ్యూటీలో చేరాలి. పాప సీసా నోట్లో పెట్టనివ్వదు. మా అమ్మ తెనాలి నుంచి వచ్చి ఉంది కానీ, నాన్నగారికి ఒంట్లో బాగోక నెలాఖరుకు వెళ్లిపోవాలి. అత్తయ్యగారు చూస్తానంటున్నారు, ఆవిడకు మోకాళ్ల నొప్పులు. మేనేజర్‌కు ఫోన్ చేస్తే "ముందు జాయిన్ అవ్వండి, తర్వాత చూద్దాం లెండి" అన్నారు. మావారేమో "ఇంత టెన్షన్ ఎందుకు, మానెయ్. నీ జీతంలో సగం ఎలాగూ పాపను చూసే మనిషికే పోతుంది" అంటున్నారు. ఇంటి నుంచి పని అడగడం నా హక్కేనా? గట్టిగా అడిగితే ఉద్యోగానికే ఎసరు వస్తుందా?

- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది మీవారి మాట కాదు, మీ మేనేజర్ మాట. పద్నాలుగేళ్లు హెచ్‌ఆర్‌లో పనిచేశాను. "తర్వాత చూద్దాం లెండి" అన్న మాట ఎన్నిసార్లు విన్నానో, నేనే ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. ఆయన చెడ్డవాడై అలా అని ఉండరు. కాదనడానికి మొహమాటం. అవునంటే పైవాళ్లను అడగాలి. ఆ పూటకు ఫోన్ పెట్టేయడానికి అంతకంటే సులువైన మాట లేదు. కానీ మీరు దాన్ని నమ్ముకుని చేరితే, రెండో వారానికల్లా బ్యాడ్జ్ స్వైప్ రిపోర్టులో, అంటే ఆఫీసు గేటు దగ్గర కార్డు గీసిన లెక్కలో, మీ పేరు ఎర్రగా వస్తుంది. ఆ రిపోర్టు తీసేది మీ మేనేజర్ కాదు, ఒక సాఫ్ట్‌వేర్. ఇంట్లో మీకు ఐదు నెలల పాప ఉందని దానికి తెలియదు. కొన్ని కంపెనీల్లో వేరియబుల్ పే (పనితీరును బట్టి మారే జీతం) కూడా ఆ లెక్క మీదే ఆధారపడుతుంది. అప్పుడు ఆయన్ను అడిగితే "అయ్యో, సిస్టమ్‌లో లేదండీ" అంటారు, నిజాయితీగానే. కాబట్టి ఇది చేరాక తేల్చుకునేది కాదు. ఈ మూడు వారాల్లో తేలాలి, అదీ రాతలో తేలాలి.

హక్కేనా అని అడిగారు. పూర్తి హక్కు కాదు. అలాగని ఎవరి దయో కూడా కాదు. 1961 నాటి మాతృత్వ ప్రయోజన చట్టాన్ని 2017లో సవరించినప్పుడు మొదటి ఇద్దరు పిల్లలకు సెలవును 12 వారాల నుంచి 26 వారాలు చేశారు. అందరికీ గుర్తుండిపోయింది అదొక్కటే. అదే సవరణలో 5వ సెక్షన్‌కు ఐదో ఉపసెక్షన్ కూడా చేర్చారు. పని స్వభావం వీలిస్తే సెలవు తర్వాత కూడా ఆమెను ఇంటి నుంచి పనిచేయనివ్వవచ్చు, ఎంతకాలం, ఏ షరతుల మీద అన్నది ఇద్దరూ మాట్లాడుకుని ఒప్పుకోవాలి అని దాని సారం. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన 2020 నాటి సామాజిక భద్రత కోడ్‌లోనూ ఈ ఏర్పాటు ఉంది. గమనించండి, "ఇవ్వవచ్చు" అంది, "ఇచ్చి తీరాలి" అనలేదు. 2021లో కర్ణాటక హైకోర్టు ముందుకు ఇలాంటి కేసే ఒకటి వచ్చింది. రక్షణ రంగానికి చెందిన ఒక పరిశోధన కేంద్రంలో పనిచేసే ఇంజినీరు కేసది. పని స్వభావం ఇంటి నుంచి చేయడానికి వీలైనదైతేనే ఆ వెసులుబాటు వర్తిస్తుందని కోర్టు చెప్పింది, ఆమె పని అలాంటిది కాదంది. మీ విషయంలో అదే తర్కం మీకు కలిసొస్తుంది. కాన్పుకు ముందు మీ టీమ్ అంతా ఇదే పని ఇంటి నుంచే చేసింది. పని స్వభావం వీలిస్తుందా లేదా అన్న ప్రశ్నకు మీ కంపెనీయే ఎప్పుడో జవాబు చెప్పేసింది.

ఇంకొకటి ఉంది, చాలామంది హెచ్‌ఆర్ వాళ్లకే గుర్తుండదు. కోవిడ్ రెండో వేవ్ రోజుల్లో, 2021లో, కేంద్ర కార్మిక శాఖ రాష్ట్రాలకు ఒక సూచన పంపింది. పాలిచ్చే తల్లులకు, పని వీలైన చోటల్లా, బిడ్డ పుట్టిన రోజు నుంచి కనీసం ఏడాది దాకా ఇంటి నుంచి పనిచేసే అవకాశం ఇచ్చేలా యజమానులను ప్రోత్సహించమంది. కోవిడ్ భయంతో వచ్చిన సూచన అది, ఆదేశం కాదు, దాన్ని పట్టుకుని ఎవరినీ కోర్టుకు ఈడ్చలేం. కానీ అందులోని "ఏడాది" అన్న మాట మీకు పనికొస్తుంది. ఎందుకో చెప్తాను.

నేను హెచ్‌ఆర్‌లో ఉండగా ఒకమ్మాయికి ఇదే విషయంలో కాదన్నాను. ఇప్పటికీ అది నాకు ముల్లులా గుచ్చుకుంటుంది. మా దగ్గర రూల్ నుంచి మినహాయింపు అడగడానికి ఎక్సెప్షన్ ఫారం అని ఒకటుండేది. అందులో మూడు గడులు: కారణం, ఎప్పటివరకు, పని ఎలా జరుగుతుంది. ఆ అమ్మాయి నా ముందు కూర్చుని "కొన్నాళ్లు మేడమ్, బాబు కొంచెం పెద్దయ్యేదాకా" అంది. "కొన్నాళ్లు" అన్నది ఆ గడిలో పట్టదు. నేనైనా కూర్చోబెట్టి, ఏ తేదీ దాకా కావాలి, రోజూ పని ఎలా సాగుతుంది అని అడిగి రాసుకోవచ్చు. అడగలేదు. వెనక్కి పంపేశాను. రెండు నెలలకు ఆమె రాజీనామా మా టేబుల్ మీదికొచ్చింది. తేదీ లేని అనుమతి మీద ఏ మేనేజరూ సంతకం పెట్టడు. కంపెనీల్లో భయం మీ ఆరు నెలల గురించి కాదు. ఇది ఎప్పటికీ ఇలాగే సాగుతుందేమోనని, రేపు టీమ్‌లో పదిమందీ క్యూ కడతారేమోనని.

అందుకే మీరు అడగాల్సింది "ఇంటి నుంచి పని" కాదు, "పాప మొదటి పుట్టినరోజు దాకా ఇంటి నుంచి పని". మీరు చేరేసరికి పాపకు దాదాపు ఆరు నెలలు. పుట్టినరోజుకు ఇంకో ఆరు నెలలు. ఫలానా తేదీ అని క్యాలెండర్ చూసి రాయండి. కేంద్రం చెప్పిందీ ఏడాదే కాబట్టి ఆ గడువు మీ సొంత కోరికలా కూడా కనిపించదు. టీమ్‌లో మిగతావాళ్లు అడిగితే చెప్పుకోవడానికి మేనేజర్‌కూ ఒక మాట దొరుకుతుంది: "ఆమె ప్రసూతి సెలవు నుంచి వచ్చింది, ఫలానా తేదీకి అయిపోతుంది."

ఇక పని సంగతి. మీ టెస్టింగ్ పనిలో నిజంగా ఆఫీసులో ఉంటేనే జరిగేదేమిటో మీకంటే బాగా ఎవరికి తెలుసు? ల్యాబ్‌లోని ఫోన్ల మీద చూడాల్సినవి ఉంటాయా? రిలీజ్ వారంలో, అంటే కొత్త వెర్షన్ బయటికి వెళ్లే వారంలో, డెవలపర్ పక్కన కూర్చుంటే గంటలో తేలేది, కాల్‌లో పూటంతా పడుతుందా? అలాంటివుంటే దాచకండి. "రిలీజ్ వారంలో రెండు రోజులు వస్తాను" అని వాళ్లు అడగకముందే మీరే అనండి. అడగకుండా ఇచ్చిన ఆ రెండు రోజులు, వాళ్లు అడిగాక ఒప్పుకున్న ఆరు రోజులకంటే ఎక్కువ పనిచేస్తాయి.

రోజు ఎలా గడుస్తుందో కూడా చెప్పండి. టీమ్ అంతా రోజూ కలిసే స్టాండప్ కాల్‌కు ఉంటాను, ఉదయం తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంట దాకా, మళ్లీ రెండున్నర నుంచి ఆరున్నర దాకా అందుబాటులో ఉంటాను, విదేశంలో ఉండే ఆన్‌షోర్ వాళ్లతో రాత్రి కాల్ వారానికి ఇన్నిసార్లు. ఇక్కడ ఒక్క జాగ్రత్త. సెలవు నుంచి వచ్చిన అమ్మాయిలు ఏదో తప్పు చేసినట్టు "రాత్రి పూట కూడా చూసేస్తాను సార్, శనివారాలు కూడా" అని రాసేస్తారు. వద్దు. రాసిచ్చింది నెల తిరక్కుండా డ్యూటీ అయి కూర్చుంటుంది.

ప్రయాణం గురించి చెప్పాలా? విక్టోరియా మెమోరియల్ స్టేషన్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగి, అక్కడి నుంచి ఆటో కోసం నిలబడితే రోజుకు మూడు గంటలకు తక్కువ కాదని నాకూ తెలుసు. కానీ మాట అక్కడ మొదలుపెట్టకండి. ఎల్‌బీ నగర్ నుంచి వచ్చేవాళ్లు మీ టీమ్‌లోనే ఉంటారు, మీ మేనేజర్ కూడా ఏ అల్వాల్ నుంచో వస్తూ ఉంటాడు. చర్చ కాస్తా ఎవరి కష్టం ఎక్కువన్న పోటీ అయిపోతుంది.

ఇప్పుడు మీకు నచ్చని మాట ఒకటి. ఇంటి నుంచి పని అంటే పాపను చూసుకుంటూ పని కాదు. పక్కన పాపను పడుకోబెట్టుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చోవచ్చని మీరు అనుకుంటున్నట్టయితే, ఐదో నెలలో అది కొంతవరకు సాగుతుంది. ఏడో నెలలో పాకడం మొదలయ్యాక చార్జర్ వైరు పాప నోట్లో ఉంటుంది, మీరు మ్యూట్‌లో ఉంటారు. ఇంటి నుంచి పనితో మీకు మిగిలేది ప్రయాణం, పాలివ్వడానికి రోజుకు మూడు నాలుగు విరామాలు, పాపకు జ్వరం వస్తే పక్క గదిలో ఉన్నానన్న ధైర్యం. ఇవి చిన్నవి కావు. కానీ మీ పని గంటల్లో పాపను ఎత్తుకునే చేతులు వేరే ఉండాలి. మేనేజర్ నోటితో అడగకపోయినా ఆయన మనసులో ఉన్న మొదటి ప్రశ్న ఇదే. "పగలు పాపను చూసుకోవడానికి ఇంట్లో మనుషులున్నారు" అన్న ఒక్క వాక్యం మీ మెయిల్‌లో తప్పక ఉండాలి. అది నిజం కూడా అయి ఉండాలి.

అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులన్నారు. ఎనిమిది కిలోల పాపను రోజుకు ముప్ఫైసార్లు ఎత్తి దించడం ఆవిడ వల్ల కాదు. "చూస్తాను" అన్నది ఆవిడ మంచితనం. ఆ మంచితనం మీద ఉద్యోగం ఆనించకండి. ఎత్తడానికి, స్నానానికి, బట్టలకు పగటిపూట ఒక ఆయాను పెట్టుకుని, అత్తయ్యగారిని పక్కన కూర్చుని కనిపెట్టి ఉండమనండి. ఆవిడకూ అదే గౌరవంగా ఉంటుంది. అమ్మ తెనాలి వెళ్లకముందే ఆయా పనిలో చేరాలి, రెండు వారాలైనా అమ్మ కళ్ల ముందు పనిచేయాలి.

ఆయా జీతం దగ్గరికి వచ్చాం కాబట్టి మీవారి లెక్క కూడా చూద్దాం. "నీ జీతంలో సగం ఆయాకే" అన్నారు. ఆ ఖర్చు మీ జీతంలోంచే ఎందుకు తీసేస్తున్నారు? పాప ఇద్దరిదీ కదా. ఇద్దరి జీతాలూ కలిపి, అందులోంచి ఆయా జీతం తీసి చూడమనండి, ఇంత భయంకరంగా కనిపించదు. పైగా ఆయా ఖర్చు రెండు మూడేళ్లది. ఆరేళ్ల అనుభవం ఉన్న టెస్టర్ మూడేళ్లు ఇంట్లో ఉండి మళ్లీ ఇంటర్వ్యూకు వెళ్తే వినాల్సిన మొదటి ప్రశ్న "ఈ గ్యాప్ ఏమిటి" అనే. ప్రైవేటు ఉద్యోగాల్లో తండ్రికి చట్టం ఒక్కరోజు సెలవు కూడా ఇవ్వలేదు, ఆ అన్యాయం ఒప్పుకుంటాను. కానీ ఆయన ఆఫీసులో కూడా ఇంటి నుంచి పనిచేసే రోజులేవో ఉంటాయిగా? మీరు మేనేజర్‌ను అడిగేముందు ఆయన్ను అడగండి, ఆ రోజులేమిటో. మీరు ఆఫీసుకు వెళ్లాల్సి వస్తే ఆ రోజులు ఎంచుకోవచ్చు.

మేనేజర్‌కు మళ్లీ ఫోన్ చేయకండి. మెయిల్ రాయండి, హెచ్‌ఆర్‌ను సీసీలో పెట్టకుండా ముందు ఆయనకే. మొదటి మెయిల్‌కే హెచ్‌ఆర్‌ను పెడితే ఫిర్యాదులా కనిపిస్తుంది. మీరు రాసేది ఇంగ్లీషులోనే కాబట్టి మాటలు మీవి, సారం ఇలా ఉంటే చాలు:

"ఫలానా తేదీన డ్యూటీలో చేరుతున్నాను. మా పాప మొదటి పుట్టినరోజు, అంటే ఫలానా తేదీ వరకు ఇంటి నుంచి పనిచేయడానికి అనుమతి కోరుతున్నాను. ప్రసూతి సెలవు తర్వాత పరస్పర అంగీకారంతో ఇలాంటి ఏర్పాటు చేసుకోవడానికి చట్టంలో వీలుంది. గతంలో ఈ పనినే నేను ఇంటి నుంచి చేశాను. నా పని గంటలు ఇవి. రిలీజ్ వారాల్లో రెండు రోజులు ఆఫీసుకు వస్తాను. పగలు పాపను చూసుకోవడానికి ఇంట్లో మనుషులున్నారు. మూడు నెలలయ్యాక ఇద్దరం కూర్చుని ఎలా సాగుతోందో చూసుకుందాం. వీలైతే ఈ వారం ఒక అరగంట మాట్లాడదాం."

ఇంతే. పాప సీసా పట్టకపోవడం, నాన్నగారి ఆరోగ్యం, ఏదీ అందులో వద్దు. అవి దాచాల్సినవని కాదు. నోటితో మాట్లాడేటప్పుడు ఆయన మనిషిగా అడిగితే చెప్పండి. మెయిల్ ఆయన దగ్గర ఆగదు, ఆయన పైవాళ్లకు ఫార్వర్డ్ అవుతుంది. మీ ఇంటి సంగతులు ముక్కూమొహం తెలియని నలుగురు చదవడం దేనికి?

ఆ అరగంట కాల్‌లో ఆయన అనబోయేది నేను ఇప్పుడే చెప్పగలను. "నీకిస్తే అందరూ అడుగుతారమ్మా." మీరు వాదించకండి. "నాది ఆ తేదీ దాకానే సార్, ప్రసూతి సెలవు నుంచి వచ్చేవాళ్లకని రాయండి" అనండి. "పాలసీ ఒప్పుకోదు" అంటే, "పాలసీలో ఎక్సెప్షన్ ఎవరు ఇస్తారో చెప్పండి, నేను రిక్వెస్ట్ పెడతాను, మీరు సపోర్ట్ చేస్తే చాలు" అనండి. చాలామంది మేనేజర్లకు కాదనాలని ఉండదు, పైవాళ్ల ముందు తాము అడగాల్సి రావడమే ఇష్టం ఉండదు. ఆ బరువు మీరు తీసుకుంటే తేలిగ్గా ఒప్పుకుంటారు. "వారానికి ఒక్కరోజైనా రావాలి" అంటే వెంటనే ఊ అనేయకండి. "రెండు రోజులు ఆలోచించి చెప్తాను" అనండి. కానీ ఇంట్లో ముందే తేల్చుకుని ఉండండి: మీరు అడిగేది పూర్తిగా ఇంటి నుంచి, సరిపెట్టుకోగలిగేది వారానికి ఒకరోజు, ఇక దిగలేనిది రెండు రోజులు, అదీ పదకొండింటికి వెళ్లి నాలుగింటికి బయల్దేరేలా. ఆ మూడో మాట ఎవరికీ చెప్పకండి, మీవారికి తప్ప.

ఆయన సరేనన్నాక అసలు పని మొదలవుతుంది. ఆ సాయంత్రమే "మీరు చెప్పినట్టు..." అని తేదీలతో ఒక మెయిల్ పెట్టి, ఈసారి హెచ్‌ఆర్‌ను సీసీలో చేర్చండి. హాజరు సిస్టమ్‌లో ఎక్సెప్షన్ ఎక్కిందో లేదో మొదటి వారమే చూసుకోండి. మేనేజర్లు మారతారు, ప్రాజెక్టు నుంచి రిలీజ్ చేస్తారు. కొత్తగా వచ్చినాయనకు పాతాయన నోటిమాటతో పనిలేదు.

పూర్తిగా కాదంటే? అప్పుడు చట్టంలో "ఇవ్వవచ్చు" అని కాకుండా "ఇవ్వాలి" అని ఉన్నవాటి దగ్గరికి వెళ్లండి. యాభై మంది, ఆపైన పనిచేసే సంస్థకు క్రెష్ (పసిపిల్లలను చూసుకునే చోటు) సౌకర్యం ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోనివ్వాలి. బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా, మామూలు విశ్రాంతి సమయం కాక, రోజుకు రెండుసార్లు పాలివ్వడానికి విరామం ఇవ్వాలి. మీ క్రెష్ ఎక్కడుంది, ఆఫీసు నుంచి ఎంతదూరం, ఆరు నెలల పాపను తీసుకుంటారా అని మర్యాదగా మెయిల్‌లో అడగండి. పాలు పిండుకోవడానికి లోపల గడియ ఉన్న గది, ఫ్రిజ్ ఎక్కడున్నాయో అడగండి. ఒక్కోసారి ఈ ప్రశ్నలకు జవాబు వెతికేకంటే ఇంటి నుంచి పని ఇవ్వడమే సులువని కంపెనీకే తోస్తుంది. కార్మిక శాఖ ఇన్‌స్పెక్టర్‌కు ఫిర్యాదు చేసే దారి ఈ రెండింటికీ ఉంది, ఇంటి నుంచి పని ఇవ్వలేదన్నదానికి లేదు. ఆ తేడా గుర్తుంచుకుని మాట్లాడండి.

గడియ గురించి ఎందుకన్నానంటే, మా పెద్దవాడు పుట్టినప్పుడు సెలవు 12 వారాలే. మూడో నెలలో ఆఫీసుకు వచ్చేశాను. పాడైపోయిన మానిటర్లు పెట్టే స్టోర్‌రూమ్ ఇచ్చారు. తలుపుకు గడియ లేదు. కుర్చీ తలుపుకు ఆనించి, దాని మీద కూర్చుని పాలు పిండుకునేదాన్ని, ఎవరైనా తోస్తే నా వీపే గడియ. అడిగితే మరుసటి రోజే బిగించేవాళ్లు. అడగడానికి సిగ్గుపడ్డాను, హెచ్‌ఆర్‌లో ఉండి కూడా.

పాప సీసా పట్టడం లేదన్నారు. ఇంటి నుంచే పని దొరికినా ఏదో ఒకరోజు బయటికి వెళ్లక తప్పదు, కాబట్టి ఇవాళ్టి నుంచే మొదలుపెట్టండి. సీసా వద్దంటే పోనివ్వండి, ఉగ్గుగిన్నె ఉందిగా. పిండిన పాలు ఉగ్గుగిన్నెతో అమ్మ పట్టాలి, మీరు కాదు. మీ వాసన తగిలితే పాప గిన్నె ముట్టదు. ఆ సమయానికి మీరు పక్క గదిలో కాదు, కింద సందులో నడుస్తూ ఉండండి. పిండిన పాలు గది చల్లగా ఉంటే నాలుగు గంటలే ఆగుతాయి, మన ఎండల్లో ఆ ధైర్యం వద్దు, వెంటనే ఫ్రిజ్‌లో పెట్టేయండి. ఆరో నెల నిండాక ఘనాహారం మొదలవుతుంది, పాలివ్వాల్సిన వేళలు కొంచెం సడలుతాయి. మిగతాది మీ పిల్లల డాక్టర్‌ను అడగండి.

ఉద్యోగానికి ఎసరు సంగతి. ప్రసూతి సెలవులో ఉన్నప్పుడు ఉద్యోగం నుంచి తీసేయడం, ఆమెకు నష్టం కలిగేలా షరతులు మార్చడం చట్టవిరుద్ధం. మర్యాదగా ఒక మెయిల్ రాసినందుకు ఎవరూ మిమ్మల్ని తీసేయరు. రేటింగ్ దగ్గర మాత్రం చప్పుడు లేకుండా కోత పడవచ్చు, అలా జరగదని నేను అబద్ధం చెప్పను. అందుకని చేరిన మొదటి నెలలోనే, ఈ ఏడాది పనిచేసిన నెలల్లోని పనినే చూసి రేటింగ్ వేస్తారు కదా అని అడిగి పెట్టుకోండి. అన్నీ కాదన్నా సరే, కోపంలో రాజీనామా మాత్రం పెట్టకండి. మిగిలిన సెలవులు వాడుకుంటూ, కంపెనీలోనే ఇంకో ప్రాజెక్టు చూస్తూ, బయట వెతుక్కోండి. ఉద్యోగంలో ఉండి వెతికితే జీతం మీరు చెప్తారు, మానేసి వెతికితే వాళ్లు చెప్తారు.

మెయిల్ మంగళవారమో బుధవారమో పొద్దున పంపండి, సోమవారం ఎవరూ చదవరు. శుక్రవారానికి జవాబు రాకపోతే ఒక్క లైనుతో గుర్తుచేయండి. మాట్లాడదాం అంటే పాప నిద్రపోయే వేళ చూసి టైమ్ ఇవ్వకండి, వాళ్లు చెప్పిన టైమ్‌కే ఒప్పుకోండి. ఆ అరగంట పాప మీవారి దగ్గర ఉండాలి, తలుపు వేసి, అమ్మనో అత్తయ్యనో పిలవకుండా. పాప ఏడ్చినా సరే, ఆయనే చూసుకోవాలి.